ముట్టుకుని చూడండి

జూలై 28

వదినా,

నీ ఉత్తరం ఈసారి సరుకుల లారీలో ఉల్లిపాయల బస్తా కింద పడి వచ్చింది. చదువుతున్నంతసేపూ కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే, పక్కగదిలో ఉండే నర్సు కంగారుపడి ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగింది. అందరూ బాగానే ఉన్నారు, మా వదిన వైన్ అమ్ముడుపోవడం లేదు అన్నాను. అయ్యో పాపం అని తనూ కళ్ళు తుడుచుకుంది.

కొండల్లో డ్యాము కట్టేచోట కరెంటు పనులు చూసుకునే ఇంజనీరుని పట్టుకుని వైన్ ఎలా అమ్మాలో చెప్పమన్నావు. నేను పుట్టి బుద్ధెరిగి పిన్నీసు కూడా అమ్మలేదు. అయినా అడిగావు కాబట్టి సలహా ఇవ్వకుండా ఉంటానా? సలహాలివ్వడంలో మన ఇంటివాళ్ళని మించినవాళ్ళు లేరు.

నువ్వు అచ్చు వేయించిన కరపత్రం చూశాను. 'నాణ్యమైన ద్రాక్ష, ఆధునిక యంత్రాలు, పరిశుభ్రమైన వాతావరణం.' వదినా, ఇది చదివితే వైన్ తాగాలనిపించదు, పన్ను పీకించుకోవాలనిపిస్తుంది. బట్టల కొట్టువాడిని చూడు. ధర చెప్పకముందే గుడ్డ మన చేతికి అందిస్తాడు. ఒకసారి వేళ్ళకి తగిలాక అది సగం మనదైపోయినట్టే. నువ్వూ అదే చెయ్యి. జనాన్ని నేలమాళిగలోకి దింపు. సీసాలు చూపించకు, ట్యాంకులు చూపించు. వాటిమీద చెయ్యి వేసి చూడమను. లోపల ద్రాక్షరసం పులుస్తుంటే ఆ వెచ్చదనం అరచేతికి తెలుస్తుంది కదా. చేత్తో ముట్టుకున్నదాన్ని నోటితో వద్దనరు.

ఇంకొక్క మాట. వేసవిలో వచ్చినప్పుడు మెట్ల పక్క బోర్డులో నేను పెట్టిన ట్రిప్పు స్విచ్చి ఎలా ఉంది? జీతం పెరిగినందుకు మీకు నేనిచ్చిన బహుమతి అదొక్కటే. అందరూ వెండిగిన్నెలిస్తే నేను తెల్లడబ్బా ఇచ్చానని అన్నయ్య నవ్వాడు, నవ్వనీ. నేలంతా ఎప్పుడూ నీళ్ళు పారే చోటు అది. కరెంటు దారితప్పి ఇనుములోకి కారితే, మనిషి ప్రాణానికి ముప్పు వచ్చేలోపే మొత్తం ఆపేస్తుంది. నెలకోసారి దానిమీది బొత్తం నొక్కి చూడమన్నాను. నొక్కుతున్నారా?

నీ మరదలు


ఆగస్టు 19

బంగారు మరదలికి,

నీ నోట్లో పంచదార పొయ్యాలి. పిన్నీసు అమ్మలేనని రాస్తావు గానీ నిన్ను కొట్లో కూర్చోబెడితే గోడలు కూడా అమ్మేస్తావు.

నువ్వు చెప్పినట్టే చేశాం. ముందు పెద్ద ట్యాంకుని నేలమాళిగ మధ్యకి జరిపించాం, చుట్టూ మనుషులు తిరగడానికి వీలుగా. నలుగురు మనుషులు, నాలుగు గడ్డపారలు, మీ అన్నయ్య కేకలు. ఒక పూటంతా పట్టింది. ట్యాంకు జరిగాక గోడకి ఒక ఆకుపచ్చ తీగ మిగిలి వేలాడుతోంది. చూడటానికి అసహ్యంగా ఉంటే దాన్ని మేకుకి చుట్టి, దానికే మన కొత్త బోర్డు కట్టాను. బోర్డు మీద ఏం రాయించానో చెప్పుకో. నువ్వు చెప్పలేవు, నేనే చెప్తాను. 'మా వైన్‌కి ప్రాణం ఉంది. ముట్టుకుని చూడండి.'

ఇది ఊరికే రాసింది కాదు. వచ్చినవాళ్ళు బురదకాళ్ళతో నేలంతా తొక్కుతుంటే, చెప్పులు మెట్ల దగ్గరే విడిచి రమ్మన్నాను. కడిగిన నేల, చల్లగా పాదాలకి తగులుతుంది, దిగగానే అందరూ గొంతులు తగ్గించి మాట్లాడతారు. మొదటి రోజు ఒకావిడ ట్యాంకు మీద చెయ్యి వేసి, "అమ్మో, ఇది కదుల్తోందండీ" అంది. నేను నమ్మలేదు. నేనూ చెప్పులు విడిచి చెయ్యి వేశాను. నిజం! వేళ్ళలో చీమలు పాకినట్టు సన్నగా, జివ్వుమని. లోపల రసం పులుస్తోంది కదా, ఆ జీవమంతా స్టీలులోంచి చేతికి వస్తోంది. ఇన్నేళ్ళు దాని పక్కనే తిరిగాం, మాకు తెలియనే లేదు. మీ అన్నయ్యకి ఇప్పటికీ తెలియదు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని వచ్చి చెయ్యి వేస్తాడు, "నాకేం తెలియట్లేదే, అంతా మీ ఊహ" అంటాడు. నన్ను ముట్టుకున్నా నీకు తెలియదు, ట్యాంకుని ముట్టుకుంటే ఏం తెలుస్తుంది అన్నాను.

జనం వరస కట్టారంటే నమ్ము. పిల్లలు కిందపడి నవ్వుతున్నారు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరు రెండేసి సీసాలు.

స్విచ్చి సంగతంటావా, అవన్నీ మీ అన్నయ్య చూసుకుంటాడులే. నువ్వు ఆరోగ్యం జాగ్రత్త. కొండచలికి స్వెట్టరు వేసుకుంటున్నావా?

నీ వదిన


ఆగస్టు 26

వదినా,

ఉత్తరం అందగానే ముందు ఒక పని చెయ్యి, మిగతాది తర్వాత చదువుదువుగాని. నేలమాళిగకి తాళం వెయ్యి. ఎవరినీ ట్యాంకు ముట్టుకోనివ్వకు.

వేశావా?

అది వైన్ ప్రాణం కాదు. కరెంటు. పులిసే రసం వెచ్చగా ఉంటుంది, బుడగలు వస్తాయి, అంతే. వేళ్ళలో చీమలు పాకించదు. ఎక్కడో తీగ దెబ్బతిని కరెంటు ట్యాంకులోకి కారుతోంది. అన్నయ్యకి తెలియకపోవడానికి కారణం ఆ రబ్బరు బూట్లు. చెప్పులు విప్పించి, తడినేల మీద నిలబెట్టి, చెయ్యి వేయిస్తున్నారు మీరు. ఇంతకన్నా తేలిగ్గా మనిషిని చంపే పద్ధతి నాకు తెలియదు, ఇది నేను చదువుకున్న విషయం.

ఆ ఆకుపచ్చ తీగ! బోర్డు కట్టానన్నావే, అది ఎర్తు తీగ వదినా. ట్యాంకులోకి కరెంటు వస్తే దాన్ని భూమిలోకి తీసుకుపోవడానికి పెట్టింది. జరిపినప్పుడు ఊడిపోయింది. ఇప్పుడు ఆ కరెంటుకి భూమిలోకి దారి లేదు. ముట్టుకున్న మనిషే దారి.

చెయ్యి వేయించమని చెప్పిన నోరు నాదే. పిల్లలు కిందపడి నవ్వుతున్నారని రాశావు చూడు, ఆ వాక్యం మూడుసార్లు చదివాను. ఇవాళ చీమలు పాకినట్టుంది. తీగ ఇంకాస్త నలిగితే రేపు అలా ఉండదు. ముందుగా చెప్పి రాదు అది.

రెండు పనులు చెయ్యి. ఆ తీగని తెలిసినవాడి చేత మళ్ళీ ట్యాంకుకి బిగించు. మెట్ల దగ్గర స్విచ్చి మీద బొత్తం నొక్కి, పడుతోందో లేదో చూసి నాకు రాయి. ఇక్కడ ఫోను లేదు. లారీ డ్రైవరు చేతిలో మీ నంబరు పెట్టి, దిగువకి వెళ్ళగానే ఫోను చేసి చెప్పమన్నాను. మనిషి మంచివాడే, చెప్తాడనుకుంటాను.

భయంగా ఉంది వదినా. వెంటనే రాయి.

మరదలు


సెప్టెంబరు 3

మరదలికి,

నీ లారీ డ్రైవరు ఫోను చేశాడు. మీ అన్నయ్య ఎత్తాడు. "మీ చెల్లెలుగారు చెప్పమన్నారండీ, ట్యాంకు ముట్టుకుంటే అందరూ చచ్చిపోతారంట" అని పెట్టేశాడట. మీ అన్నయ్య నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. "దానికి చిన్నప్పటినుంచీ భయమే. ఉరిమితే మంచం కింద దూరేది. అందుకే కరెంటు చదివింది, శత్రువు ఆనుపానులు తెలుసుకోవాలని" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మన ఇంటి సంగతి దారినపోయే డ్రైవరుకి ఎందుకు చెప్పావు? వాడు ఇంకెంతమందికి చెప్తాడో. ఫలానా వాళ్ళ షెడ్డుకి వెళ్తే చస్తారట అని ఒక్క మాట బయటికి పొక్కిందంటే మా పని గోవిందా.

చెయ్యి వేయనివ్వమన్నది నువ్వు. వేస్తే చస్తారంటున్నదీ నువ్వే. నేను ఏ మాట వినాలి? రెండేళ్ళ సరుకు అలాగే పడి ఉంది. ఇప్పుడిప్పుడే నలుగురు మా గుమ్మం ఎక్కుతున్నారు. ఈసారి కూడా అమ్ముడుపోకపోతే షెడ్డుకి తాళం వేసి, మీ అన్నయ్య ఈ వయసులో ఇంకొకరి దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలి. అది నీకు భయంగా లేదు, వేళ్ళు జివ్వుమంటే భయం. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నాకున్న ఒక్క మొగుడే ఎక్కువైపోయాడమ్మా, ఇంకో సగం ఎందుకు చెప్పు.

కోపంలో రాసేశాను. కొట్టేయడానికి మనసు రాక అలాగే ఉంచాను.

నువ్వడిగిన రెండిటికీ జవాబు. తీగ కొత్తచోటికి అందడం లేదు, పొట్టిదైపోయింది. పొడుగు తీగ తెచ్చి వేయిస్తాం, పదహారో తారీఖు అయ్యాక. ఇక స్విచ్చి. ఇప్పుడే వెళ్ళి బొత్తం నొక్కాను. టప్పుమని పడింది. పైన లేబుళ్ళ మిషను తిప్పుకుంటున్న మీ అన్నయ్య ఆ హోరులోంచే "ఏంటా చప్పుడు" అని అరిచాడు. నీ చెల్లెలి స్విచ్చి అన్నాను. చాలా? నీ మనసు కుదుటపడిందా?

పదహారున ఈ ఏడాది మొదటి వైన్ తీస్తున్నాం. హోటళ్ళకి సరుకు కొనే పెద్దమనిషి వస్తానన్నాడు. పత్రికలో ఫొటోలు వేసేవాళ్ళు ఇద్దరు, పాత కొనుగోలుదారులు, వాళ్ళ పిల్లాపాపా, మొత్తం నలభైమంది దాకా. అందరూ చెప్పులు విడిచి, పెద్ద ట్యాంకు చుట్టూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వలయంలా నిలబడతారు. చివరి ఇద్దరూ ట్యాంకు మీద చెయ్యి వేస్తారు. అప్పుడు ఆ ప్రాణం అందరిలోకీ పాకుతుందేమో చూద్దామని. ఫొటో ఎంత బాగుంటుందో ఊహించుకో. ఇది పూర్తిగా నా సొంత ఆలోచన.

మన నల్లపిల్లి పోయింది. నిన్న పొద్దున్న ట్యాంకు కాలు దగ్గర తడిలో పడుకుని ఉంటే లేపబోయాను, బిగుసుకుపోయి ఉంది. ఎలుకలమందు తిని ఉంటుంది. నువ్వు వచ్చినప్పుడల్లా నీ పెట్టెమీదే పడుకునేది కదా అని గుర్తొచ్చింది. జామచెట్టు కింద పూడ్చాం.

నీ వదిన


సెప్టెంబరు 9

వదినా,

నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. డ్రైవరుకి చెప్పడం నిజంగా తప్పే. భయం వేస్తే నాకు ముందూ వెనకా కనిపించదు. మంచం కింద దూరిన మాట కూడా నిజమే, కాకపోతే నాకంటే ముందు దూరిందెవరో అన్నయ్యని అడుగు.

అర్ధమొగుణ్ణి కాను వదినా. ఈ ఇంట్లో నీ తర్వాతే నేను. నీ షెడ్డు నీది, నీ జనం నీవాళ్ళు. పెత్తనం చెయ్యాలనే ఉద్దేశం నాకు కలలో కూడా లేదు. ఇక దాని గురించి రాయను.

స్విచ్చి నొక్కితే పడింది అన్నావు. ఆ ఒక్క ముక్క చాలు నాకు. ఎర్తు లేదు, నేల తడి, కాళ్ళకి చెప్పుల్లేవు. ఇన్ని తప్పులున్నా ఆ చిన్న తెల్లడబ్బా అక్కడ ఉంది. కరెంటు మనిషిలోకి పోబోతుంటే గుండెకి తెలిసేలోపే ఆపేస్తుంది. ప్రస్తుతం మీ అందరి ప్రాణాలూ దాని చేతిలోనే ఉన్నాయి. అది ఉందని నువ్వు నీ చేత్తో నొక్కి చూసి చెప్పావు కాబట్టి నాకిప్పుడు భయం లేదు. చాలా రోజుల తర్వాత నిన్న కంటినిండా నిద్రపోయాను. నీ మాట మీద భారం వేసి పడుకున్నాను.

పదహారున వీలైతే చెయ్యి వేయించకు. వేయించక తప్పదంటే వేయించు, స్విచ్చి ఉంది. మర్నాడే తీగ పని చూడండి.

పిల్లి పోయిందని చదివి బాధేసింది. నా పెట్టెమీద దాని వెంట్రుకలు ఇంకా ఉన్నాయి.

ఫొటో ఒకటి నాకు పంపు. వలయంలో నువ్వు ఎక్కడ నిలబడ్డావో వెతుక్కుంటాను.

నీ మరదలు


సెప్టెంబరు 13

వదినా వదినా

పిల్లి ఎలుకలమందు తిని చావలేదు.

ఇవాళ మధ్యాహ్నం భోజనం దగ్గర నర్సుకి నీ ఉత్తరం చదివి వినిపిస్తున్నాను, లేబుళ్ళ మిషను దగ్గర ఆగిపోయాను. ఆ స్విచ్చి పడితే లేబుళ్ళ మిషను తిరగదు. మీ షెడ్డంతా, పైనా కిందా, దాని వెనకే ఉంది. అలా కలిపింది నేనే. అది పడితే దీపాలు ఆరిపోవాలి, మిషను ఆగిపోవాలి. హోరు ఉండకూడదు. అన్నయ్య ఏంటా చప్పుడు అనడు, కరెంటు ఎందుకు పోయింది అంటాడు. నువ్వు బొత్తం నొక్కలేదు. నొక్కడానికి అక్కడ స్విచ్చి లేదు. ఉంటే పిల్లి చచ్చేది కాదు.

ఎందుకు అబద్ధం చెప్పావో నాకు తెలియదు, అడగను కూడా. కోపం లేదు. ఒట్టు, కొంచెం కూడా లేదు. పదహారున ఎవరినీ లోపలికి దింపకు. దింపినా ముట్టుకోనివ్వకు. ముట్టుకున్నా, దేవుడా, చేతులు మాత్రం కలపనివ్వకు. పిల్లని చంకలో పెట్టుకున్న తల్లులు వస్తారు. నువ్వు వాళ్ళకి ఎదురెళ్ళి నీ చేత్తో చెప్పులు విప్పిస్తావు. వలయంలో మొదటి చెయ్యి నీదే ఉంటుంది, నాకు తెలుసు.

ఇక్కడ రాత్రీ పగలూ వాన. కొండ విరిగి రోడ్డుమీద పడింది. లారీ రాదు, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. నేను నడిచి వచ్చేస్తానంటే పెద్ద ఇంజనీరు గేటు వేయించాడు, మట్టి ఇంకా జారుతోందని. ఇద్దరు కూలీలు అటునుంచి చుట్టుదారిలో దిగుతారట. ఈ కాగితం వాళ్ళ చేతిలో పెడుతున్నాను. అందదని తెలుసు. తెలిసీ రాస్తున్నాను, రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

భయం లేదని రాశాను నీకు. చెయ్యి వేయించు అని నా చేత్తో రాశాను. ఆ ఉత్తరం మాత్రం లారీ దొరికి ముందే వెళ్ళిపోయింది. అది అందుతుంది, ఇది అందదు.

వదినా, దయచేసి


సెప్టెంబరు 20

నా బంగారుతల్లికి,

ముందు ఇది చదువు. అందరం బతికే ఉన్నాం. మీ అన్నయ్య నా ఎదురుగా కూర్చుని గోరు కొరుక్కుంటున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఒకసారి గాలి పీల్చుకుని మిగతాది చదువు.

నీ తొమ్మిదో తారీఖు ఉత్తరం సరిగ్గా పదహారు పొద్దున్నే వచ్చింది. అప్పటికే జనం దిగుతున్నారు. చెప్పులు మెట్ల మీద వరసగా పెట్టిస్తూ, ఒక చేత్తో కవరు చింపి చదివాను. నన్ను తిడతావనుకున్నాను. ఎలా దులిపేసుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. నువ్వు తిట్టలేదు. 'మీ అందరి ప్రాణాలూ దాని చేతిలోనే ఉన్నాయి, అది ఉందని నువ్వు చెప్పావు కాబట్టి నాకు భయం లేదు' అన్నావు.

స్విచ్చి నా బట్టల బీరువాలో ఉంది.

చెప్తాను. ట్యాంకు జరిపిన మర్నాటినుంచీ అది ఊరికే పడిపోయేది. నేల కడిగితే పడేది, మోటారు వేస్తే పడేది. రసం తోడుతుంటే సగంలో చీకటి. మీ అన్నయ్య విసిగిపోయి వీధి చివర కరెంటు పనివాణ్ణి పిలుచుకొచ్చాడు. "ఇది మరీ నాజూకు రకమండీ, మీలాంటి చోట్లకి పనికిరాదు" అని పీకేసి, తీగలు డైరెక్టుగా కలిపేసి నల్ల టేపు చుట్టాడు. మళ్ళీ కరెంటు పోలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తెలియక హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. నువ్వు ముచ్చటపడి ఇచ్చిన బహుమతి. అది బాగాలేదు, తీసేశాం అని నీతో ఎలా చెప్పను? నొచ్చుకుంటావని, మెత్తటి గుడ్డలో చుట్టి దాచాను. నువ్వొచ్చే ముందురోజు మళ్ళీ బిగించేద్దాం అనుకున్నాం ఇద్దరం. చుట్టాలిచ్చిన గోడబొమ్మని వాళ్ళొచ్చినప్పుడు మాత్రం గోడకి తగిలిస్తామే, అలా. అది మాతో ఏదో చెప్పాలని పడిపోతోందని మాకు తట్టలేదు.

ఉత్తరం చేతిలో పట్టుకుని కిందకి చూశాను. నలభైమంది, తడినేల మీద ఉత్తికాళ్ళు. హోటళ్ళ పెద్దమనిషి ఒక చేత్తో భార్య చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి ఎవరికిద్దామా అని చూస్తున్నాడు. వలయం ముప్పావు వంతు పూర్తయింది. నాకోసం ఖాళీ ఉంచారు, ట్యాంకు పక్కనే.

"ఎవరూ ముట్టుకోకండి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అరిచాను. అందరూ నవ్వారు, ఇదీ వేడుకలో భాగమేమో అనుకుని. మీ అన్నయ్య పరువు పోతుందని ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. "మా చెల్లెలికి కరెంటంటే భయమండీ, ఆ భయం ఈవిడకీ అంటుకుంది. ఏమీ లేదు, నేను బూట్లు విప్పి చూపిస్తాను" అని ట్యాంకు ముందున్న చెక్కపీట మీద కూర్చున్నాడు. ఒక బూటు లాగేశాడు. మేజోడు తీశాడు. ఆ తెల్లటి పాదం నీళ్ళలో పెట్టడం చూశాను. రెండో బూటు మడమ దగ్గర పట్టేసింది. కింద చెయ్యి ఆన్చి లాగుతున్నాడు. ఇంకొక్క జానెడు వెనక్కి వాలితే వీపు స్టీలుకి తగులుతుంది.

మెయిన్ స్విచ్చి నా తల పక్కనే ఉంది. దాని పిడి ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటుంది, మీ అన్నయ్యే రెండు చేతులతో దించుతాడు. నేను దానికి వేలాడాను. ఎలా దిగిందో నాకు తెలియదు.

చీకటి. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మీ అన్నయ్య ఆ చీకట్లోంచి, "ఏంటే నీకు, పిచ్చా?" అన్నాడు. పెళ్ళయ్యాక నన్ను నలుగురిలో అంత మాట ఎప్పుడూ అనలేదు. తలుపు తీసి వెలుతురు రానిచ్చి, మెట్ల మీద నిలబడే చెప్పాను. "మీరు ఇన్నాళ్ళూ ముట్టుకున్నది వైన్ ప్రాణం కాదండీ. కరెంటు. మా తప్పు. నాకు తెలిసే దాచాను" అన్నాను. పోయినవారం వచ్చి వెళ్ళిన ఒకావిడ తన పిల్ల అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. హోటళ్ళ పెద్దమనిషి చెప్పులు చేత్తో పట్టుకుని, తొడుక్కోకుండానే రోడ్డుదాకా వెళ్ళిపోయాడు. ఆయన దగ్గర్నుంచి కబురు లేదు. వస్తుందని కూడా అనుకోవడం లేదు.

మర్నాడు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే కరెంటాయన మీటరు పట్టుకుని వచ్చాడు. మమ్మల్ని గుమ్మం బయటే ఉండమని, ఒక్క క్షణం మెయిన్ వేయించి, ముల్లు ట్యాంకుకి ఆనించాడు. చూసి వెంటనే దింపెయ్యమన్నాడు. మోటారు తీగ ట్యాంకు కాలి కింద ఇరుక్కుపోయి ఉంది. జరిపినప్పుడే పడింది. అంత బరువు కింద రోజూ కాస్త కాస్త నలిగి, ఇప్పుడు లోపలి రాగి నేరుగా స్టీలుకి ఆనుకుంది. "మొదట్లో చీమలు పాకినట్టు ఉండి ఉంటుందండీ. నిన్నయితే ఇంట్లో ప్లగ్గులో ఎంతుంటుందో ట్యాంకు మీదా అంతే ఉంది" అన్నాడు. ఆ సాయంత్రం మీ అన్నయ్య జామచెట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

నీ స్విచ్చి మళ్ళీ బిగించాం. ఆకుపచ్చ తీగ కొత్తది వేయించాం. బోర్డు తీసేశాం. మీ అన్నయ్య రోజూ పొద్దున్నే వెళ్ళి బొత్తం నొక్కుతున్నాడు. షెడ్డంతా ఆరిపోతుంది. అప్పుడుగానీ కాఫీ తాగడు. నెలకోసారి చాలని చెప్పినా వినడు.

నీ పదమూడో తారీఖు కాగితం ఇవాళ వచ్చింది. తడిసి అక్షరాలు సగం పోయాయి. చివర దయచేసి అని ఆపేశావు. అది చదివి ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఏడ్చాం. కోపం లేదన్నావు. ఉండాలి. రా, వచ్చి తిట్టు, నా కడుపు నిండేదాకా తిట్టు.

ఒక్కటి అడుగుతాను. నువ్వు చచ్చిపోతారని మొత్తుకున్నప్పుడు నాకు చీమ కుట్టినట్టైనా లేదు. ఆడపడుచు ఆర్భాటం అనుకున్నాను. భయం లేదు, నీ మాట మీద పడుకున్నాను అన్నావు చూడు, అప్పుడు పుట్టింది వణుకు, ఇప్పటికీ తగ్గలేదు. ఇకమీద పెత్తనం చెయ్యి, అనుమానించు, డ్రైవరు చేత ఊరంతా చాటింపు వేయించు. నన్ను నమ్మి నిద్రపోయానని మాత్రం ఎప్పుడూ రాయకు.

నీ వదిన